అమెరికా కరెంటు

మొన్న మనవడు సెలవులకు వచ్చి, సంచీలోంచి ఆటపెట్టె తీసి, దాని తీగను గోడకున్న ప్లగ్గులో గుచ్చేశాడు. ముందూ వెనకా చూసుకోలేదు. "ఒరే, అదెన్ని వోల్టులదో చూశావా?" అన్న మాట నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది. వాడు నన్ను జాలిగా చూసి, ఛార్జరు పీకి చేతికిచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని ఆ చీమతలకాయంత అక్షరాలు చదివాను. వంద నుంచి రెండువందల నలభై దాకా ఏదైనా ఫరవాలేదట. ఏ దేశంలో ఏ గోడకు తగిలించినా సర్దుకుపోతుందట. మా కాలంలో అంత సర్దుకుపోయే గుణం మనుషుల్లో కూడా తక్కువే.

"నీకు వోల్టుల సంగతి కూడా తెలుసా అమ్మమ్మా?" అని నవ్వాడు. తెలియకేం! ఒక చలికాలమంతా మా ఇంటిల్లిపాదీ వోల్టులే ధ్యానంగా బతికాం.

అప్పుడు మేం జంషెడ్‌పూర్‌లో, అగ్రికో క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న ఉక్కు కార్ఖానాలో క్రేను నడిపేవాడు. అమ్మ పుట్టిల్లు ఊరికి తూర్పున గోవింద్‌పూర్‌లో. తాతయ్య లారీల కార్ఖానాలో పనిచేసి, రిటైరయ్యాక అక్కడ రెండు గదుల పెంకుటిల్లు కట్టుకున్నాడు గానీ, అందులో ఎక్కువకాలం ఉండే రాత లేక పోయాడు. ఆ ఇంట్లో అమ్మమ్మ, మా అత్త, అత్త కూతురు పాప ఉండేవారు. అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్యకు ఓడలో ఇంజను గదిలో పని. పాప పుట్టినప్పుడు ఒకసారి చూసి వెళ్ళినవాడు, ఒక ఓడ దిగి ఇంకో ఓడ ఎక్కుతూ, పాప బడికి పోయే వయసు వచ్చేదాకా ఇంటిముఖం చూడలేదు. గోడ మీద ఫోటో మాత్రం ఉండేది. సన్నగా, కోరమీసంతో, టోపీ పెట్టుకుని. రోజూ స్నానం చేయించి, ఆ ఫోటో ముందు నిలబెట్టి "నాన్నకి దండం పెట్టు" అనేది అత్త. దేవుడి పటాల వరసలోనే అదీ ఉండేది మరి.

చలికాలం మొదట్లో మావయ్య దిగాడు. మీసం తీసేశాడు, ఒళ్ళు చేశాడు, నుదుటి మీద జుట్టు వెనక్కి వెళ్ళింది. మేమంతా గోవింద్‌పూర్ వెళ్ళాం. అమ్మమ్మ పాపను ముందుకు తోసింది.

"ఒలే గుంటా, ఎవులొచ్చేరో సూడు. మీ నాన్నే!"

పాప ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత గోడ వైపు చూసింది. "నహీ. మా నాన్న ఉధర్ హై" అని ఫోటో చూపించింది. వచ్చినవాళ్ళకు మర్యాద చేయాలని బళ్ళో నేర్పారు కదా, కుర్చీ లాగి, "బైఠియే అంకుల్" అంది.

అందరం పగలబడి నవ్వాం. అందరికంటే గట్టిగా మావయ్యే నవ్వాడు. కాళ్ళు కడుక్కొస్తానని పెరట్లోకి వెళ్ళినవాడు చాలాసేపు లోపలికి రాలేదు. అమ్మమ్మ వేయించిన ఎండుచేపలు పళ్ళెంలో చల్లారిపోయాయి.

ఆ పిల్లది మొండిఘటం. గౌను ఇస్తే తీసుకుంది, "థాంక్యూ అంకుల్" అంది. చాక్లెట్టు ఇస్తే తీసుకుంది, దానికీ అంతే. ఎత్తుకోబోతే మాత్రం కర్రలా బిగుసుకుపోయేది. "నాన్నా అను" అని మేమంతా చుట్టూ చేరి పీడించేకొద్దీ పెదవులు బిగించేది. బలవంతం చెయ్యొద్దని మావయ్యే మమ్మల్ని కసిరాడు. ఒకరోజు పొయ్యి దగ్గర అత్త మా అమ్మతో అనడం విన్నాను.

"వొదినా, చలి ఎల్లేలోగా మళ్ళీ ఓడెక్కాలంట. ఈ పాలి కూడా అంకుల్ అనిపించుకునే ఎల్లిపోతాడేటో."

అమ్మ బొగ్గులు ఎగదోస్తూ కూర్చుంది.

మావయ్య పెట్టెలో అట్టడుగున బట్టల్లో చుట్టి తెచ్చిన వస్తువు ఒకటుండేది. అమెరికా రేవులో ఎవరో వాడి అమ్మేసిన ఆటపెట్టె. దాన్ని టీవీకి తగిలిస్తే నల్లటి తెర మీద రెండు తెల్ల చెక్కలు, మధ్యలో ఓ తెల్ల బంతి వస్తాయి. చెరో బుడిపె తిప్పుతూ చెక్కను పైకీ కిందకీ జరిపి బంతిని కొట్టాలి. ఇప్పటి పిల్లలు చూస్తే ఆవలిస్తారు. మాకు మాత్రం, సినిమా చూపించే టీవీ మన చెయ్యి చెప్పినట్టు వినడమనేది నమ్మలేని సంగతి. ఆ పెట్టె బయటికి తీసినప్పుడు పాప మొదటిసారి మావయ్య పక్కకు వచ్చి నిలబడింది.

కానీ అది సెల్లులతో నడిచేది కాదు. దాని తీగ చివర నల్లటి దిమ్మ, దాని మీద నూటపది అని రాసుంది.

"ఆల కరెంటు నూటపదే అమ్మా. మనది రెండొందల ముప్పై. తిన్నగా పెట్టేత్తే కాలిపోతాది" అన్నాడు మావయ్య.

అమ్మమ్మ నోరు తెరిచింది. "కరెంటుకి కూడా దేశాలుంటాయేట్రా? అయినా అంత డబ్బున్నోలు, మనలో సగం కరెంటు పెట్టుకుని బతుకుతున్నారేటి?"

నాన్నకు ఆ ప్రశ్న ఎంత నచ్చిందో చెప్పలేను. కార్ఖానా క్వార్టర్లలో కరెంటు పోవడమన్నది మేం ఎరగం. దీపం వణకదు, పంకా మందగించదు. ఆ కరెంటును తనే క్రేనుతో ఎత్తి తెచ్చి మా ఇంట్లో దింపినట్టు మాట్లాడేవాడు నాన్న. "అగ్రికో తీసుకొచ్చేయ్‌రా. మా కరెంటు నిలకడగా ఉంటాది. సాక్చి బజార్లో సగానికి దింపే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టిద్దాం" అన్నాడు.

చుట్టించారు. ఇటుకంత ఇనపదిమ్మ, రుబ్బురోలంత బరువు. కరెంటు పెడితే తేనెటీగలా గుయ్ మనేది, కాసేపటికి వెచ్చబడేది. వార్నిష్ వాసన గదంతా అలుముకునేది. ఆట సంగతి తర్వాత, ఆ చలిలో మాకు ఆ వెచ్చదనం భలే దొరికింది. తడి సాక్సులు దాని మీద ఆరబెట్టేవాళ్ళం. నేనైతే ఎవరూ చూడకుండా దాని మీద కూర్చునేదాన్ని కూడా. అమ్మ చూసి వీపు మీద రెండు వడ్డించింది.

ఆట బ్రహ్మాండంగా నడిచింది. అదే వచ్చిన చిక్కు. మా క్వార్టర్ల వరసలో ఉన్న బీహారీ పిల్లలు, బెంగాలీ పిల్లలు, పంజాబీ పిల్లలు అంతా మా ముందుగదిలోనే. పాప వాళ్ళతో కలిసి ఎగిరి గంతులేస్తూ ఆడేది. మావయ్య గుమ్మం దగ్గర, పిల్లల చెప్పుల గుట్ట పక్కన నిలబడి చూసేవాడు. ఒకసారి తనూ కూర్చోబోతే, "అంకుల్, ఆప్ తో బడే హైఁ" అంది పాప. పెద్దవాళ్ళు ఆడకూడదని దాని తీర్పు. మావయ్య మళ్ళీ గుమ్మం దగ్గరికే వెళ్ళాడు.

ఆ వారమే పెట్టెను గోవింద్‌పూర్ తీసుకుపోయాడు. అక్కడ ఇంట్లో ఓ తెల్లనలుపు టీవీ, దాన్ని మోయడానికి, తగ్గిన కరెంటును పెంచి ఇచ్చే ఓ బూస్టరు కూడా పెట్టించాడు. పాపా తనూ తప్ప మూడోవాళ్ళు లేకుండా ఆడాలని ఆశ. నాకు బడి సెలవులు కాబట్టి నేనూ సంచీ సర్దుకుని కార్ఖానా షిఫ్టు బస్సులో వెంటపడ్డాను.

గోవింద్‌పూర్‌లో కరెంటు కార్ఖానాది కాదు, బయటి కరెంటు. పగలు బాగానే ఉండేది. పొద్దువాలేసరికి వీధి వీధంతా తీగచుట్టల హీటర్ల మీద వంటలు మొదలయ్యేవి. దానికి తోడు వీధి చివర పిండిమర. చక్కీవాడు సాయంత్రమే మోటారు వేసేవాడు, కార్ఖానా నుంచి దిగినవాళ్ళు గోధుమలు తెచ్చేది అప్పుడే కనక. మోటారు అందుకోగానే అన్ని ఇళ్ళలో బల్బులూ ఎర్రబడేవి. లోపలి తీగ మాత్రం కనిపించేది, వెలుతురు ఉండేది కాదు. బల్బు ఎక్కడుందో చూసుకోవడానికి కిరసనాయిలు దీపం పెట్టుకోవాలని మా నాన్న వెక్కిరించేవాడు.

అక్కడ ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఏం పనిచేస్తుంది? ఉన్నదే సగం కరెంటు, దాన్ని మళ్ళీ సగం చేసింది. పెట్టె నిద్ర లేవలేదు. బూస్టరుకు తగిలించి చూశారు. టీవీనే మోయలేక మూలుగుతున్న ఆ బూస్టరు, రెండో బరువు మీద పడగానే చేతులెత్తేసింది. తెర మీద బొమ్మ నాలుగువైపులా కుంచించుకుపోయి పోస్టుకార్డంత అయింది. "ఖరాబ్ హో గయా" అని పాప లేచి పోయింది. మావయ్య ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

మర్నాడు సాయంత్రం బల్బు ఎర్రబడ్డప్పుడు ఆయన దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి ఎవరింటినుంచో వోల్టులు కొలిచే మీటరు అడిగి తెచ్చి, దాని పుల్లలు ప్లగ్గులో పెట్టి చూశాడు. ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టాడు.

"అమ్మా, సూడు! మన గోవింద్‌పూర్‌కి అమెరికా కరెంటు వచ్చేసింది!"

నిజమే. సాయంత్రంపూట ఆ వీధిలో వచ్చేది సరిగ్గా ఆ నల్లదిమ్మకు కావలసినంత. ట్రాన్స్‌ఫార్మర్ అక్కరలేదు, తిన్నగా పెట్టేయడమే. దాని చదునైన పళ్ళు మన గుండ్రటి రంధ్రాల్లో దూరవు కాబట్టి, రెండు తీగముక్కలు కట్టి అగ్గిపుల్లలతో బిగించాడు. పెట్టె లేచింది. తెల్ల చెక్కలు వచ్చాయి.

ఇది విని నాన్న గోవింద్‌పూర్ పరిగెత్తుకొచ్చాడు. "ఒరే, ఆ కరెంటు నీ మాటింటాదేట్రా? చక్కీ ఆగిందంటే?"

"ఆగితే బలుబు తెల్లబడతాది కదా బావా. తెల్లబడ్డం సూడగానే పీకేత్తాం."

"ఎవులు సూత్తారు?"

"నాను సూత్తాను" అంది అమ్మమ్మ.

అలా మొదలైంది. ఆ ముందుగదిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అమ్మమ్మ నులకమంచం మీద దుప్పటి కప్పుకుని, తల పైకెత్తి బల్బును కాపలా కాస్తూ ఉండేది. చెవి వీధి చివరి మర చప్పుడు మీద ఉండేది. ఆ పెట్టె మన టీవీలకు చేసింది కాదు, మా ఇంటి టీవీ ఎలాగో సర్దుకుంది గానీ ఇక్కడ కరెంటు కూడా తక్కువ కాబట్టి బొమ్మ ఆగకుండా పైకి జారిపోయేది. టీవీ వెనకాల బొమ్మను నిలబెట్టే బుడిపె ఒకటుంటే, అత్త అక్కడ పీట వేసుకుని దాన్ని పట్టుకుని కూర్చునేది. పాపం, ఆటంతా అయ్యేదాకా ఆవిడకు టీవీ వీపు తప్ప ఏమీ కనిపించదు. "ఎవులు గెలిసేరే?" అని నన్ను అడుగుతూ ఉండేది. లెక్క చెప్పడం నా ఉద్యోగం. కారం మరమరాల ఝాల్‌మూఢీ పొట్లం నా ఒళ్ళోనే ఉండేది కాబట్టి ఆ ఉద్యోగం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆవనూనె, పచ్చిమిరపకాయ ఘాటు, బయటినుంచి బొగ్గు పొగ, మర నుంచి వేడి పిండి వాసన, అన్నీ కలిసి ఆ గదిలో ఉండేవి.

తెర ముందు చాప మీద మావయ్య, పాప. మొదట్లో ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత ఎడం. మావయ్య రోజూ ఓడిపోయేవాడు. నాలాటి దానికే తెలిసిపోతోంది కావాలని వదిలేస్తున్నాడని. పాపకు తెలియదా? ఒకరోజు బుడిపె నేలకేసి కొట్టింది. "అంకుల్, ఆప్ జాన్‌బూఝ్‌కర్ హారే!" అని ఏడుస్తూ లోపలికి పోయింది. టీవీ వెనకనుంచి అత్త గొంతు వచ్చింది.

"పిల్లని మోసం సేత్తే పిల్లకి తెల్దేటి? ఆడితే నిజంగా ఆడు, నేకపోతే మానేయ్."

మావయ్య ముఖం చిన్నబోయింది. కానీ మర్నాటినుంచి నిజంగా ఆడాడు. పాప ఓడింది. మళ్ళీ ఓడింది. అలిగింది, అన్నం మానేసింది, నన్ను రక్కింది. అయినా పొద్దువాలేసరికి గుమ్మంలో నిలబడి బల్బు వంకే చూసేది. మర అందుకుని తీగ ఎర్రబడగానే, "అంకుల్! లాల్ హో గయా!" అని వీధి వినపడేలా అరిచేది. బజారుకెళ్ళిన మావయ్య సంచీ ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చేవాడు. చాప మీద ఎడం తగ్గుతూ వచ్చింది. ఒకనాడు చూద్దును కదా, పిల్ల ఆయన మోకాలికి ఆనుకుని ఆడుతోంది. మావయ్య కాలు తిమ్మిరెక్కినా కదపకుండా అలాగే కూర్చున్నాడు. పిలుపు మాత్రం మారలేదు. సెలవు అయిపోవచ్చింది, ఓడ కబురు వచ్చింది. అత్త పెట్టె సర్దడం మొదలుపెట్టింది. సర్దుతూ సర్దుతూ కొంగుతో ముక్కు తుడుచుకునేది.

ఆ చివరి ఆదివారం ఆట హోరాహోరీగా సాగింది. మావయ్యదో పాయింటు, పాపదో పాయింటు. పశ్చిమాన కార్ఖానాలో ఇనుము కరిగించగా మిగిలిన మండే చిట్టెం ఒంపుతున్నారు కాబోలు, కిటికీలోంచి ఆకాశం ఎర్రగా కనిపిస్తోంది. ఎవరూ అటు చూడలేదు. ఇంకొక్క పాయింటు ఎవరికొస్తే వాళ్ళదే ఆట. నేను ఝాల్‌మూఢీ నమలడం ఆపేశాను. బంతి అటూ ఇటూ టుక్కు టుక్కుమని తిరిగింది. మావయ్య ఒళ్ళు ముందుకు వంచి, నిజంగా, పళ్ళు బిగించి ఆడుతున్నాడు. ఆయన చెక్క కిందకి దిగేలోగా బంతి కిందనుంచి దాటిపోయింది.

పాప ఎగిరి నిలబడింది.

"నాన్నా! హార్ గయే! నాన్నా, నువ్వు ఓడిపోయావ్! నిజంగా ఓడిపోయావ్!"

మావయ్య చేతిలో బుడిపె అలాగే ఉండిపోయింది. టీవీ వెనకనుంచి అత్త బుడిపె వదిలేసి ఇవతలికి వచ్చేసింది. తెర మీద బొమ్మ జారిపోతోంది, ఎవరికీ పట్టలేదు. అమ్మమ్మ మంచం మీదనుంచి లేచి, "ఏటన్నావే? మళ్ళీ అను తల్లీ, మళ్ళీ అను" అంటూ పాప దగ్గరికి వచ్చింది. ఆవిడ కళ్ళు బల్బును వదిలి కిందకి దిగింది ఆ చలికాలంలో అప్పుడే. వీధి చివర మర ఆగిపోయిన సంగతి మాలో ఒక్కరం వినలేదు. పట్టా తెగిందని తర్వాత తెలిసింది.

గది తెల్లగా వెలిగిపోయింది. అందరి ముఖాలూ, ముఖాల మీద తడీ స్పష్టంగా కనిపించాయి. ఒక్క క్షణం ఆ వెలుతురు కూడా సంతోషంలో భాగమే అనుకున్నాం. అంతలో చిటపటమని చప్పుడు, కమురు వాసన. నల్లదిమ్మలోంచి పొగ. అత్త పరుగున వెళ్ళి టీవీ తీగ పీకేసింది. మావయ్య కర్రతో అగ్గిపుల్లలు ఊడగొట్టాడు. టీవీ దక్కింది. ఆటపెట్టె దక్కలేదు.

ఏడ్చింది నేనొక్కదాన్నే. అంత ఆట పోయిందే అని గుండెలు బాదుకుని ఏడ్చాను. అమ్మమ్మ అపరాధిలా మంచం పట్టె పట్టుకుని నిలబడింది. "నాను సూత్తానే ఉన్నానురా. ఒక్క రెప్పపాటు, అంతే."

"పోనీలే అమ్మా" అన్నాడు మావయ్య. పాప ఆయన చంకలో ఉంది. కర్రలా బిగుసుకోలేదు. మెడ చుట్టూ చేతులు వేసి, పొగను వింతగా చూస్తోంది.

మర్నాడు నాన్న వచ్చి, చెప్పవలసిన నాలుగు మాటలూ చెప్పి, పెట్టెను తిరగేసి చూశాడు. "సాక్చిలో ఇచ్చి సూద్దాం. దిమ్మ మారిస్తే లేత్తాదేటో."

"వొద్దులే బావా" అన్నాడు మావయ్య. "బాగైతే గుంట దాని ముందు కూకుంటాది. ఉన్న ఈ నాలుగు రోజులూ నా ముందు కూకోనీ."

నాన్న పెట్టెను మెల్లగా కింద పెట్టేశాడు. మా నాన్న మాటకు మాట చెప్పకుండా ఊరుకోవడం నేను చూసింది తక్కువ. మావయ్య, పాప ఆ రోజులన్నీ అరుగు మీద కూర్చుని గడిపారు. సముద్రం ఉప్పగా ఉంటుందా, చేపలు ఓడకు గుద్దుకుంటాయా అని అది అడుగుతూనే ఉండేది, ఆయన చెబుతూనే ఉండేవాడు. టాటానగర్ స్టేషన్లో రైలు కదిలేటప్పుడు అది "నాన్నా" అని అరిచి ఏడుస్తుంటే ప్లాట్‌ఫారం మీదివాళ్ళంతా తిరిగి చూశారు. కిటికీలో మావయ్య ఏడుస్తూ నవ్వుతున్నాడు. ఆ ముఖం నేను ఇంకెక్కడా చూడలేదు.

తర్వాత ఆయన ఇంకా చాలా ఓడలెక్కి, దిగి, చివరికి ఒడ్డునే ఉండిపోయాడు. అమ్మమ్మ పోయింది, మా అమ్మానాన్నలు పోయారు. క్వార్టర్లు ఖాళీ చేసి తలో ఊరు చేరాం. పోయిన ఏడాది మావయ్య కూడా వెళ్ళిపోయాడు. పెద్దకార్యం నాడు భోజనాలయ్యాక అంతా కూర్చున్నప్పుడు, ఈ కథంతా పాప పిల్లలకు చెప్పాను. పాప అంటున్నాను గానీ, దానికీ జుట్టు నెరిసింది. "మీ అమ్మ మీ తాతను చాలా రోజులు అంకుల్ అని పిలిచింది, తెలుసా?" అన్నాను.

అది నన్ను విచిత్రంగా చూసింది. "నేనా? మా నాన్ననా? కలగన్నావేటి వదినా! నాకు బాగా యాదుంది. నాన్న ఓడ దిగి వచ్చిన రోజున వీధి చివరిదాకా పరిగెత్తింది నేనే. నాన్నా అని కాళ్ళకి చుట్టుకుపోతే ఎత్తుకున్నాడు. అప్పుడు నాన్నకి మీసం లేదు కూడా."

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. గోడకానుకుని కూర్చున్న అత్త, పండుముసలిది, నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"అవునే" అన్నాను. "నువ్వే పరిగెత్తావు. మా అందరికంటే ముందు నువ్వే."